దిద్దగలిగినదే మంచి మార్గదర్శిక
(సాఫ్ట్‌వేర్ పని నేర్పే పత్రాలకు, సిబ్బంది శిక్షణ సామగ్రికి సాధనాల ఎంపికపై ప్రసంగ పాఠం)



షోలాపూర్ పేరు చెప్పగానే చద్దరు, టెర్రీ తువాలు గుర్తుకు వస్తాయి. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ రెండు వస్త్రాల వెనుక తెలంగాణ ప్రాంతం నుంచి తరాల క్రితం వచ్చి ఈ నగరంలో స్థిరపడిన పద్మశాలి కుటుంబాల శ్రమ ఎంతో ఉంది. ఆ కుటుంబాలు మగ్గం పనిని పుస్తకం చూసి నేర్చుకోలేదు. కండె చుట్టడం, తెగిన పోగు అతకడం వంటివి పెద్దల పక్కన కూర్చుని, చూసి, చేసి నేర్చుకున్నవే. నేడు అదే సరుకును అమ్మే దుకాణంలో బిల్లు, నిల్వ లెక్క, పన్ను వివరం అన్నీ కంప్యూటరులోకి చేరాయి. ఈ కొత్త పనిని కూడా పక్కన కూర్చోబెట్టి చూపితే చాలునని అనుకోవడం సహజం. అయితే రెండింటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మగ్గం మీద జరిగిన తప్పు గుడ్డ మీద వెంటనే కనిపిస్తుంది. కంప్యూటరులో జరిగిన తప్పు నెలాఖరు దాకా, ఒక్కొక్కసారి ఏడాది లెక్కలు చూసేదాకా కనిపించదు.

ఉదాహరణకు ఆరుగురు పనిచేసే ఒక తువాళ్ళ దుకాణాన్ని ఊహించవచ్చు. బయటి ఊరి వ్యాపారి యాభై తువాళ్ళు వాపసు పంపాడు. లెక్కలు చూసే పెద్ద గుమాస్తా ఆ రోజు సెలవు. కొత్తగా చేరిన అమ్మాయి సరుకు లోపలికి వచ్చింది గనుక దానిని కొనుగోలుగా నమోదు చేసింది. నిల్వ లెక్క సరిపోయింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నిజానికి అక్కడ క్రెడిట్ నోట్ నమోదు చేయాలి. అది లేకపోవడం వల్ల అమ్మకం తగ్గలేదు, ఆ అమ్మకంపై చెల్లించవలసిన పన్నూ తగ్గలేదు. తప్పు బయటపడిన రోజున మాట పడేది ఆ అమ్మాయే. ఆమెకు ఎవరూ వ్రాసి ఇవ్వని పనికి ఆమె జవాబు చెప్పవలసి వస్తుంది. పని నేర్పే పత్రం లేకపోవడం యజమానికి నష్టం, కొత్త ఉద్యోగికి అవమానం. ఈ విషయం గురించి మాట్లాడుకోవడానికి కారణం అదే.

పత్రం తయారు చేయాలని నిర్ణయించిన వెంటనే చాలా సంస్థలు వేసే ప్రశ్న ‘ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?’ అన్నది. ఈ ప్రశ్న చివర రావలసినది. దానికంటే ముందు నాలుగు విషయాలు తేలాలి. ఆ పత్రాన్ని ఎవరు చదువుతారు? ఏ భాషలో చదువుతారు? పని చేస్తూ చదువుతారా, తీరికగా చదువుతారా? ఆ పని చేసే విధానం ఎంత తరచుగా మారుతుంది? ఈ నాలుగింటికీ సమాధానం దొరికాక మిగిలే కొలత ఒక్కటే: తప్పు కనిపించిన రోజున, రోజూ ఆ పని చేసే మనిషి స్వయంగా ఆ పత్రాన్ని దిద్దగలగాలి. దిద్దడానికి వీలులేని మార్గదర్శిక ఎంత అందంగా ఉన్నా కొంతకాలానికి అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది.

భాష సంగతి ఈ నగరంలో ప్రత్యేకంగా ఆలోచించాలి. ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ఇంటి మాట తెలుగు, బడి చదువు చాలామందికి మరాఠీ. తెలుగు చక్కగా మాట్లాడుతూ తెలుగు లిపిని కూడబలుక్కుని చదివేవారు ఎందరో ఉన్నారు. ఇటీవల తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చినవారు తెలుగు చదవగలరు గాని మరాఠీ చదవలేరు. పక్క బల్ల దగ్గర కన్నడమో, హిందీయో మాట్లాడేవారు ఉంటారు. అందరి ముందూ ఉన్న తెర మాత్రం చాలావరకు ఇంగ్లీషులో ఉంటుంది. కనుక ‘తెలుగువారికి తెలుగులో పత్రం’ అన్న ఒక్క నిర్ణయంతో పని పూర్తికాదు. వినే భాష ఒకటి, చదివే భాష మరొకటి అయినప్పుడు మాటను, చిత్రాన్ని వేరువేరుగా ఉంచగల సాధనమే పనికివస్తుంది.

ఈ సూత్రాన్ని పెద్ద ఎత్తున ఆచరించిన ప్రయత్నం ఈ రాష్ట్రంలోనే ఉంది. ముంబయి ఐఐటీ నడిపే ‘స్పోకెన్ ట్యుటోరియల్’ కార్యక్రమం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లను సుమారు పది నిమిషాల చిన్న పాఠాలుగా నేర్పుతుంది. తెర మీద కనిపించేది ఇంగ్లీషులోనే ఉంచి, వినిపించే మాటను తెలుగు సహా పలు భారతీయ భాషల్లోకి మారుస్తారు. దానివల్ల నేర్చుకునేవారికి విషయం తమ భాషలో అర్థమవుతుంది, రేపు ఉద్యోగంలో ఎదురయ్యే ఇంగ్లీషు మెనూలూ అలవాటవుతాయి. తెరలో ఒక పక్క పాఠం, మరొక పక్క అసలు సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, పాఠాన్ని ఆపుతూ ఆపుతూ వెంటవెంట చేసి చూడడం ఆ పద్ధతి. చిన్న దుకాణం కూడా ఇందులో నుంచి రెండు పాఠాలు తీసుకోవచ్చు: వీడియో చిన్నదిగా ఉండాలి, బొత్తాము పేరును అనువదించకుండా తెర మీద ఉన్నట్లే చెప్పాలి. తెర మీద ‘సేవ్’ అని ఉంటే పత్రంలో ‘భద్రపరచు’ అని వ్రాయడం చదువరిని వెతుకులాటకు పంపడమే అవుతుంది.

ఇక సాధనాల విషయం. అన్నిటికంటే చవకైనది, చాలామంది చిన్నచూపు చూసేది ఒక్క పేజీ కాగితం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా కర్మాగారాల్లో కొత్త కార్మికులకు త్వరగా పని నేర్పవలసి వచ్చినప్పుడు ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ అనే కార్యక్రమం నాలుగు మెట్ల పద్ధతిని వాడింది. నేర్చుకునేవారిని సిద్ధం చేయడం, పని చూపడం, వారిచేత చేయించడం, ఆ తరువాత కనిపెట్టి ఉండడం ఆ నాలుగు మెట్లు. నేర్పే ముందు పనిని ముఖ్యమైన అంచెలుగా విడదీసి, ప్రతి అంచెలో ఎక్కడ జాగ్రత్తపడాలో ఒక చిన్న కాగితం మీద వ్రాసుకునేవారు. వాపసు సరుకు నమోదుకు ఆ కాగితం ఇలా ఉండవచ్చు: అసలు బిల్లు సంఖ్య చూసుకోవాలి, క్రెడిట్ నోట్ తెరవాలి, వ్యాపారి పేరు, సరుకు, సంఖ్య నింపాలి, పన్ను సరిగ్గా వచ్చిందో చూడాలి, ముద్రించి వాపసు చీటీతో కలిపి పెట్టాలి. పక్కన ఒక హెచ్చరిక: వాపసు వచ్చిన సరుకును కొనుగోలుగా వ్రాస్తే నిల్వ సరిపోయినట్లు కనిపిస్తుంది గాని అమ్మకం తగ్గదు. ఆ ఒక్క వాక్యమే ఆ కాగితానికి ప్రాణం. ఏ మీట నొక్కాలో ఎవరైనా చెప్పగలరు. ఎక్కడ పొరపడతారో తెలిసినది పని చేసినవారికే.

దాదాపు అదే మాటను మరొక పరిశోధన కూడా చెప్పింది. ఐబీఎం సంస్థ పరిశోధనశాలలో జాన్ కారొల్ 1980లలో కంప్యూటరు నేర్చుకునేవారిని దగ్గర నుంచి గమనించాడు. లావుపాటి పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివి పనిలోకి దిగేవారు అరుదు; చేతిలో పని పెట్టుకుని నేరుగా మొదలుపెట్టి, చిక్కుపడినప్పుడే పుస్తకం వైపు చూస్తారు. అందుచేత మార్గదర్శిక చిన్నదిగా, నిజమైన పని చుట్టూ అల్లినదిగా, తప్పు నుంచి బయటపడే దారి చూపేదిగా ఉండాలని ఆయన తన 1990 నాటి పుస్తకంలో వివరించాడు. నలభై పేజీల శిక్షణ గ్రంథం బీరువాలో ఉండి, బల్ల మీద ఏమీ లేని దుకాణాలు ఈ మాటను గుర్తుంచుకోవాలి.

కాగితం తరువాతి మెట్టు స్క్రీన్‌షాట్. ఇందుకు కొత్తగా ఏదీ కొనవలసిన పని లేదు. విండోస్ 10, 11 ఉన్న కంప్యూటర్లలో విండోస్ మీట, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే తెరలో కావలసిన ముక్కను మాత్రమే తీసుకోవచ్చు. లిబ్రెఆఫీస్ రైటర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ చిత్రాన్ని ఉంచి, కింద సూచన వ్రాసుకోవచ్చు. ఇక్కడ పాటించవలసిన నియమం: చిత్రం మీద వాక్యాలు వ్రాయకూడదు, ఒకటి, రెండు, మూడు అని అంకెలు మాత్రమే వేసి వివరణను చిత్రం బయట వ్రాయాలి. అప్పుడు అదే చిత్రం కింద తెలుగు, మరాఠీ, కన్నడ సూచనలు వేరువేరు పేజీల్లో వ్రాసుకోవచ్చు. తెర మారినప్పుడు చిత్రం ఒక్కటి మారిస్తే చాలు. ప్రతి అడుగుకూ చిత్రం పెట్టడం కూడా మేలు కాదు. కన్ను తడబడే చోట చిత్రం, మిగిలిన చోట మాట చాలు.

చేసిన పనిని దానంతటదే నమోదు చేసి చిత్రాలతో మెట్ల వరుస తయారు చేసే సాధనాలు మూడవ రకం. విండోస్ 7తోనే ‘స్టెప్స్ రికార్డర్’ అనే చిన్న ఉపకరణం వచ్చింది. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ దానిని విరమించుకుంటోంది. నేడు స్క్రైబ్, టాంగో వంటి సేవలు ఆ పనిని మరింత నేర్పుగా చేస్తున్నాయి. రోజుకు పది పనులకు పత్రాలు తయారు చేయవలసిన పెద్ద కార్యాలయానికి ఇవి ఎంతో సమయం మిగులుస్తాయి. అయినా మూడు సంగతులు ముందుగా పరీక్షించాలి. మొదటిది, ఇవి ప్రధానంగా మౌస్ నొక్కుళ్ళను అనుసరిస్తాయి. టాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో అలవాటుపడిన గుమాస్తా మౌస్ ముట్టుకోకుండా కీబోర్డు మీదనే పని నడిపిస్తాడు. ఆ పని నమోదవుతుందో లేదో కొనేముందే చేసి చూసుకోవాలి. రెండవది, ఇవి ఏం నొక్కారో చెబుతాయి గాని ఎందుకు నొక్కారో చెప్పవు. హెచ్చరిక వాక్యం మనిషే వ్రాయాలి. మూడవది, చిత్రాలు బయటి సంస్థ సర్వరులోకి వెళ్ళవచ్చు. తెర మీద ఖాతాదారుల పేర్లు, బాకీలు ఉన్నప్పుడు అది చిన్న విషయం కాదు.

వీడియో నాలుగవది. ఓబీఎస్ స్టూడియో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరను, మాటను కలిపి రికార్డు చేస్తుంది. చేతి కదలిక, పని వేగం, ఒక తెర నుంచి మరొక తెరకు దాటే తీరు చూపడానికి వీడియోను మించినది లేదు. చదవడం కష్టమైనవారికి అది పెద్ద అండ. దాని బలహీనత దిద్దుబాటులో ఉంది. పేజీలో ఒక మాట మారిస్తే నిమిషం పని. వీడియోలో ఒక మెనూ పేరు మారితే మళ్ళీ రికార్డు చేయాలి. కనుక ఒక వీడియోలో ఒకే పని ఉండాలి. గొంతును వేరే ఫైలుగా దాచుకోవాలి. మాటలను వీడియోలో అచ్చువేయకుండా ఎస్‌ఆర్‌టీ వంటి ఉపశీర్షికల ఫైలులో ఉంచాలి. అప్పుడు చిత్రం ముట్టుకోకుండా తెలుగు గొంతు తీసి మరాఠీ గొంతు చేర్చవచ్చు. పది పనులను కలిపి గంటసేపు సాగే వీడియోలో వాపసు సరుకు సంగతి ముప్పై ఏడవ నిమిషంలో ఉంటే, బేరం ముందు నిలబడిన అమ్మాయికి అది లేనట్లే.

తెలుగు లిపి విషయంలో ఒక ప్రత్యేక జాగ్రత్త ఉంది. అచ్చు పనిలో చాలాకాలం అను ఫాంట్ల వంటి పాత పద్ధతుల్లో తెలుగు కూర్చారు. కాగితం మీద అది అందంగానే ఉంటుంది. కాని ఆ ఫాంట్ లేని కంప్యూటరులో అదే పాఠం అర్థం లేని గుర్తులుగా కనిపిస్తుంది. అందులో ఒక మాటను వెతకడం, వాట్సాప్‌లో పంపడం, వేరొకరు దిద్దడం కుదరదు. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగు కంప్యూటరు నుంచి ఫోనుకు, ఫోను నుంచి కంప్యూటరుకు చెడకుండా వెళుతుంది. ఏ సాధనాన్ని ఎంచుకునేముందైనా ఒత్తులు, గుణింతాలు నిండిన రెండు తెలుగు వాక్యాలు అందులో టైపు చేసి, పీడీఎఫ్‌గా మార్చి, ఆ పీడీఎఫ్‌లో ఒక తెలుగు మాట వెతికి చూడాలి. మాట దొరకకపోతే ఆ సాధనం ఇంగ్లీషు పత్రాలకే పరిమితం. యంత్రానువాదం వాడితే అది చిత్తుప్రతిగానే ఉండాలి; ఆ పని తెలిసిన మనిషి చదివి ఒప్పుకున్న తరువాతే బల్ల మీదికి రావాలి.

గోప్యతను గురించి మరికొంత చెప్పాలి. శిక్షణ పత్రం చాలామంది చేతుల్లోకి వెళ్ళే కాగితం. అందులో నిజమైన ఖాతాదారు ఫోను నంబరు, ఆధార్ సంఖ్య, బ్యాంకు వివరం ఉండకూడదు. మసకబార్చడం నమ్మదగిన పద్ధతి కాదు. వర్డ్ ఫైలులో పైన నల్ల పెట్టె అతికించడమూ చాలదు. ఆ పెట్టెను జరిపితే కింద ఉన్నది కనిపిస్తుంది. చిత్రంలోనే ఆ భాగాన్ని పూర్తిగా నింపేసి, మళ్ళీ చిత్రంగా భద్రపరచాలి. అంతకంటే మేలైన దారి శిక్షణ కోసం ఉత్తుత్తి పేర్లతో ఒక నమూనా కంపెనీని తెరిచి, దానిమీదనే చిత్రాలు తీసుకోవడం. టాలీప్రైమ్‌ను లైసెన్సు లేకుండా ఎడ్యుకేషనల్ పద్ధతిలో తెరిచి అభ్యాసం చేయవచ్చు. అందులో నెలలో మొదటి రెండు తేదీలు, చివరి తేదీ మాత్రమే నమోదుకు అనుమతి ఉంటుంది. నేర్చుకోవడానికి ఆ మూడు తేదీలు చాలు. కొత్త ఉద్యోగి అక్కడ ఎన్ని తప్పులు చేసినా అసలు పద్దు చెడదు, ఎవరి మాటా పడనక్కరలేదు.

మూడిల్ వంటి శిక్షణ వేదికలు, ఆర్టిక్యులేట్ స్టోరీలైన్, అడోబీ క్యాప్టివేట్ వంటి పాఠ నిర్మాణ సాఫ్ట్‌వేర్లు మరొక స్థాయివి. ఎవరు ఏ పాఠం పూర్తిచేశారో, పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయో నమోదు చేయవలసిన వందల మంది ఉన్న సంస్థకు అవి అవసరం. అటువంటి చోట పాఠాన్ని స్కార్మ్ ప్రమాణంలో బయటకు తీసుకునే వీలుందా అని అడగాలి. ఉంటే రేపు వేదిక మారినా పాఠం మిగులుతుంది. ఆరుగురున్న దుకాణానికి ఇవి బరువు. చందా కట్టడం మానేసిన రోజున ఇన్నాళ్ళూ చేసిన పత్రాలు చేతికి వస్తాయా, రావా అన్నది ఎంత చిన్న సంస్థ అయినా అడిగి తీరవలసిన ప్రశ్న.

ఇంతగా దిద్దుబాటు గురించే చెప్పడానికి ఆధారం ఇటీవలి అనుభవాల్లోనే ఉంది. 2020 నవంబరులో టాలీప్రైమ్ వచ్చినప్పుడు అంతకు ముందున్న టాలీ ఈఆర్‌పీ 9లోని కొన్ని మెనూలు, మీటలు మారాయి. అమ్మకానికి ఎఫ్ 8, కొనుగోలుకు ఎఫ్ 9 అలాగే ఉన్నాయి. క్రెడిట్ నోట్‌కు మాత్రం పాతదానిలో కంట్రోల్, ఎఫ్ 8 నొక్కేవారు. కొత్తదానిలో ఆల్ట్, ఎఫ్ 6 నొక్కాలి. పాత కాగితం గోడ మీదనే ఉంటే అది కొత్తవారిని తప్పుదారి పట్టిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. అంతకు ముందు వెయ్యి రూపాయల దాకా ఉన్న దుస్తులు, తయారైన వస్త్రాలకు మాత్రమే వర్తించిన 5 శాతం రేటు 2500 రూపాయల దాకా పెరిగింది. పన్ను శాతాన్ని ప్రతి పేజీలోనూ వ్రాసుకున్నవారు ఆ రోజున ప్రతి పేజీనీ దిద్దవలసి వచ్చి ఉంటుంది. మారే అంకెలన్నిటినీ ఒకే కాగితంలో ఉంచి, మిగిలిన పేజీల్లో ‘రేట్ల కాగితం చూడాలి’ అని వ్రాసుకుంటే దిద్దవలసినది ఒక్కచోటే.

అందుచేత ప్రతి పత్రం తల మీద నాలుగు వివరాలు తప్పక ఉండాలి: పని పేరు, సాఫ్ట్‌వేర్ వెర్షను, చివరిసారి సరిచూసిన తేదీ, దిద్దే బాధ్యత ఉన్న మనిషి. కొత్త ప్రతి వచ్చినప్పుడు పాతది గోడ మీద నుంచి, వాట్సాప్ సమూహం నుంచి తీసేయాలి. ఆ బాధ్యత కంప్యూటరు బాగా తెలిసిన కుర్రవాడికి కాదు, ఆ పని రోజూ చేసే మనిషికే ఇవ్వాలి. అనుభవం ఉన్న గుమాస్తాకు టైపింగ్ రాకపోతే ఆయన చెప్పినదాన్ని మరొకరు వ్రాయవచ్చు. ‘ఇది సరే’ అనే మాట మాత్రం ఆయనదే. తనకు తెలిసినదంతా వ్రాసి ఇస్తే తన అవసరం తీరిపోతుందన్న భయం కొందరు పెద్దవారికి ఉంటుంది. పత్రం మీద ఆయన పేరు ఉండడం, దిద్దే అధికారం ఆయన చేతిలో ఉండడం ఆ భయానికి కొంత మందు.

పత్రం బాగుందో లేదో తేల్చే పరీక్ష సులువైనది. ఆ పని ఎన్నడూ చేయనివారిని నమూనా కంపెనీ ముందు కూర్చోబెట్టి, పత్రం చేతికిచ్చి, వ్రాసినవారు పక్కన మౌనంగా ఉండాలి. ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి తిరిగి చూశారో అక్కడ పత్రంలో లోపం ఉంది. ఆ లోపాన్ని అదే సాయంత్రం దిద్దగలిగితే ఎంచుకున్న సాధనం సరైనది. దిద్దడానికి బయటి మనిషి కోసం వేచి ఉండవలసి వస్తే, ఎంత ఖరీదైనదైనా అది ఆ దుకాణానికి తగినది కాదు.

మొదలుపెట్టడానికి పెద్ద ప్రణాళిక అక్కరలేదు. ప్రతి దుకాణంలో, ప్రతి కార్యాలయంలో ఒక్కరికే తెలిసిన పని ఒకటి ఉంటుంది. ఆయన సెలవు పెడితే ఆగిపోయే పని అది. ముందుగా ఆ ఒక్క పనికి ఒక్క పేజీ, దాన్ని చదివేవారి భాషలో వ్రాయాలి. అవసరమైన చోట రెండు చిత్రాలు, తప్పు జరిగే చోట ఒక హెచ్చరిక చేర్చాలి. అది నిలదొక్కుకున్నాక వీడియో, ఆ తరువాత అవసరమైతే వేదిక. కొత్తగా చేరినవారు భయం లేకుండా మొదటి బిల్లు కొట్టగలిగేందుకు ఆ ఒక్క పేజీ చాలు.